నేల తాగిన వాటా

మా మేనత్త పోయిందని అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నేను రాజమండ్రిలో, పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతూ గుమ్మంలో ఉన్నాను. "అత్త ఎల్లిపోయిందే. పొద్దున్నే చుట్ట ముట్టించుకుని అరుగు మీద కూర్చుంది. అంతే" అన్నాడు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. మాట ఎక్కడైనా తడబడుతోందా అని వాడి గొంతునే చెవులు రిక్కించి విన్నాను. అత్త ఉండి ఉంటే ఆ పనికి నన్ను చెడామడా తిట్టేది.

మాది జంగారెడ్డిగూడెం దాటి కొండల్లోకి వెళ్తే వచ్చే కోయ గూడెం. పుట్టుకకీ పెళ్ళికీ పండక్కీ చావుకీ మా దగ్గర ఆకుదొప్పలో ఇప్పసారా తిరగాల్సిందే. దేవుళ్ళకీ పెద్దలకీ ముందు పోసి, తర్వాత మనుషులు పుచ్చుకుంటారు. అందులో తప్పేమీ లేదనేది అత్త. పండక్కి తనూ ఒక దొప్ప పుచ్చుకునేది. కింద ఊళ్ళ నుంచి ప్యాకెట్ సారా వచ్చాకే పండగతో పని లేకుండా తాగడం మొదలైందని ఆవిడ కోపం.

అన్నయ్య అందులో పీకల దాకా మునిగాడు. వాడి కూతురు, అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్ల, జ్వరంతో పోయింది. భుజాన వేసుకుని బస్సు రోడ్డుకి పరుగెత్తుతుంటే, ఆ భుజం మీదే పోయింది. ఆ తర్వాత వాడు తెలివిలో ఉన్న రోజు లేదు. నాన్న కొట్టాడు. పెద్దలు కూర్చోబెట్టి ఒట్టు వేయించారు. ఒట్టు వేసిన సాయంత్రమే తాగొచ్చాడు. వదిన చూసి చూసి పుట్టింటికి వెళ్ళిపోయింది.

అప్పుడు వచ్చింది అత్త. వాకిట్లో పడి ఉన్నవాణ్ణి చూసి, మా అందరి మీదా విరుచుకుపడింది.

"ఎంత తాగావురా, ఎంత తాగావురా అని అడుగుతున్నారే గానీ, ఎప్పుడు తిన్నావురా అని అడిగినోళ్ళు ఒక్కళ్ళున్నారా మీలో?"

వాణ్ణి లేపి, రెక్క పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయింది. నాన్న ఏదో అనబోతే, "నా అల్లుడు, నా ఇష్టం. నువ్వు పో" అంది.

తాగుడు ఆపగానే వాడికి ఒళ్ళంతా వణుకు పట్టింది, లేని మనుషులు కనబడ్డారు. భూతవైద్యుణ్ణి పిలుద్దామన్నారు కొందరు. అత్త ఒప్పుకోలేదు. బస్సెక్కించి జంగారెడ్డిగూడెం ఆసుపత్రిలో చేర్పించి, మంచం పక్కన నేల మీదే పడుకుంది. "వణుకు డాక్టరు గారిది. మిగతాది నాది" అనేది.

ఆ మిగతాది ఏంటంటే, చీకటి పడే వేళ. తాగేవాళ్ళకి కాళ్ళు తమంతట తామే దుకాణం వైపు నడిచే వేళ అది. సరిగ్గా అప్పుడు అత్త తన పెరట్లో వెదురు బద్దలు పరిచి గంపలు అల్లించేది. "చేతులు ఖాళీగా ఉంటే నోరు అడుగుద్ది" అనేది. ముందు చోడి అంబలి, అదే రాగి జావ, పోసేది. తర్వాత బద్ద చేతికిచ్చేది. అక్కడ తాగుడు గురించి మాట్లాడటమే ఉండేది కాదు. పాప గురించే మాట్లాడించేది. దాని జుట్టు ఎలా ఉండేది, ఏ మాట ముందు పలికింది, ఎవరి పోలిక. ఎవ్వరం ఆ పిల్ల పేరు ఎత్తని ఇంట్లో పెరిగిన బాధ అంతా అక్కడ బద్దల మధ్య కక్కుకున్నాడు మా అన్నయ్య. చుట్టుపక్కల గూడేల నుంచి ఇంకొందరు వచ్చి చేరారు. ఆ రోజుల్లో అల్లిన గంపలు చూస్తే నవ్వొచ్చేది. ఒక్కటీ నేల మీద తిన్నగా నిలబడేది కాదు.

మధ్యలో ఒకసారి వాడు మళ్ళీ తాగాడు. మొహం చెల్లక పెరటి బయటే నిలబడితే, అత్త లోపలి నుంచే కేకేసింది.

"బద్ద విరిగితే గంప పారేత్తామేంట్రా? ఆ పక్కన ఇంకోటి ఎక్కిత్తాం. రా, కూర్చో."

ఇంత చేసి, తను మాత్రం నోట్లోంచి చుట్ట తీసేది కాదు. అదెప్పుడు మానతావని అన్నయ్య ఆట పట్టిస్తే, "మానిపించడానికి నాకో అత్త ఉండొద్దూ!" అనేది.

అసలు పరీక్ష భూమి పండగకి వచ్చింది. విత్తనాలు చల్లే ముందు చేసే పండగ అది. పూజారి దొప్ప అందించాడు. కాదంటే భూమికే అవమానం, పుచ్చుకుంటే అన్నయ్య పని అయిపోయినట్టే. అందరూ వాడినే చూస్తున్నారు. దొప్ప వాడి చేతికి వచ్చింది. అత్త లేచి వచ్చి, ఆ మణికట్టు పట్టుకుని, దొప్ప మొత్తం నేల మీదకి వంచేసింది.

"మొదటి చుక్క నేలకేగా పోసేది? వీడి మొదటి చుక్కా, కడాకరి చుక్కా కూడా నేలదే. భూమి ఒద్దందేమో అడగండి."

పూజారి తడిసిన మట్టిని చూసి నవ్వేశాడు. ఆ ఏడు వానలు వేళకి పడ్డాయి కాబట్టి సరిపోయింది. లేకపోతే మా అన్నయ్యని బతకనిచ్చేవారు కాదు. అప్పటి నుంచి అత్త పెరటి మనుషులందరిదీ అదే ఆనవాయితీ. మరుసటి పండక్కి వదిన తిరిగొచ్చింది.

అత్త పెద్దదినానికి నేను వెళ్ళాను. నా కళ్ళు అన్నయ్య చేతుల మీదే ఉన్నాయి. ఆ చేతిని పట్టుకునే మనిషి ఇప్పుడు లేదు. దొప్ప తిరుగుతూ వాడి దగ్గరికి వచ్చింది. చాలాసేపు పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తర్వాత వంగి, "అత్తా, ఇదిగో నీ అల్లుడి వాటా" అని మొత్తం నేల మీద పోశాడు. వెనకే ఇంకొకరు, ఇంకొకరు. బతికినన్నాళ్ళూ పండక్కి ఒక్క దొప్పకి మించి ఎరగని మా అత్తకి, ఆ రోజు ఎందరి వాటాలు దక్కాయో! నేను ఏడుస్తూనే నవ్వాను.

చుట్టాలు వెళ్ళిపోయారు. చీకటి పడుతోంది. పెరట్లో అత్త మొదలుపెట్టి వదిలేసిన గంప అలాగే ఉంది. అన్నయ్య దాని ముందు కూర్చుని బద్దలు తడిపాడు. అంతలో కంచె దగ్గర ఎవరో తూలుతూ వచ్చి ఆగారు. పక్క గూడెం మనిషి. అత్త పోయిందని తెలిసినట్టు లేదు, ఆవిడ కోసమే అటూ ఇటూ చూస్తున్నాడు.

అన్నయ్య తలెత్తి చూసి, పక్కకి జరిగి చోటిచ్చాడు.

"ఎప్పుడు తిన్నావురా?" అన్నాడు.