పైపు నీళ్ళు అందినంత మేర

పొద్దున్న పేపర్ భయ్యా కిందినుంచి విసిరిన పేపరు మా రెండో అంతస్తు బాల్కనీలో నేరుగా గోంగూర తొట్టిలో పడింది. రబ్బరు బ్యాండు వేసి కర్రలా చుట్టిన పేపరు. ఆ దెబ్బకు లేత కొమ్మ ఒకటి విరిగి వేలాడింది. కాఫీ పక్కన పెట్టి, పాత చీర అంచు చింపి దానికి కట్టు కట్టాను. ఆ హడావిడిలో పేపరు చదవడమే మరిచిపోయాను. మధ్యాహ్నం గుర్తొచ్చి విప్పితే మొదటి పేజీ నిండా ఎవరు ఎవరిని ఏమని తిట్టారన్నదే. మళ్ళీ చుట్టి అదే రబ్బరు బ్యాండు వేసేశాను. ఇదివరకు నేనిలా ఉండేదాన్ని కాదు. అక్షరం వదలకుండా చదివి, చదివిన ప్రతిదానికీ మావారితో వాదించి, ఆయన దొరక్కపోతే టీవీతో వాదించేదాన్ని.

మేం ఢిల్లీ పక్కన వైశాలిలో ఈ ఫ్లాటుకొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మా బాల్కనీకీ పక్క ఫ్లాటు బాల్కనీకీ మధ్య ఒక ఇనుప గ్రిల్లే అడ్డం. పక్కింటావిడ మీరట్ వైపు మనిషి, నాకన్నా రెండేళ్ళు పెద్ద. దీదీ అంటాను. వచ్చిన కొత్తలో గుంటూరు నుంచి తెచ్చుకున్న గోంగూర విత్తనాలు తొట్టిలో చల్లాను. మొక్కలు మోకాలెత్తు పెరిగాక ఒకనాడు ఆవిడ గ్రిల్లు దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి హిందీలో, "బెహన్‌జీ, భాంగ్ పెంచుతున్నారా? పోలీసులొస్తే మా తలుపు కూడా కొడతారు" అంది. ఆవిడ తప్పేం లేదు. వేళ్ళు చాపినట్టుండే ఆ ఆకులు చూస్తే ఎవరైనా గంజాయి మొక్కలనే అనుకుంటారు. అప్పటికప్పుడు పచ్చడి నూరి, పరాఠా మీద వేసి గ్రిల్లు సందులోంచి అందించాను. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా తినేసి, "అరే, ఇది భాంగ్ కన్నా ప్రమాదం" అంటూ మరో చెంచా అడిగింది. ఆ తర్వాత ఆవిడ మెంతికూర ఇటూ, నా గోంగూర అటూ ఆ సందుల్లోంచే నడిచాయి. మేం ఊరెళితే తాళం చెవీ అలాగే అటు వెళ్ళేది. మా ఇద్దరికీ మట్టి కలపడం నేర్పింది మాత్రం తోపుడుబండి మీద మొక్కలు అమ్మే చాచా. ప్రతి ఆదివారం ఎరువు బస్తా భుజాన వేసుకుని రెండంతస్తులూ ఎక్కి వచ్చేవాడు. నేను నీళ్ళు ఎక్కువ పోస్తానని ఎప్పుడూ కోప్పడేవాడు.

రెండేళ్ళ క్రితం, ఎన్నికల వేడి మొదలైన రోజుల్లో, మా గేటు మీద ఒక నోటీసు వెలిసింది. బళ్ళవాళ్ళు పేరు చెప్పి, గుర్తింపు కార్డు చూపించాకే లోపలికి రావాలట. చూపించినా కొన్ని పేర్లవాళ్ళకి గేటు తెరుచుకోలేదు. చాచాది అలాంటి పేరు. నోటీసు కింద సంతకం సొసైటీ సెక్రటరీది, అంటే మా దీదీ భర్తది. నాకు ఒళ్ళు మండింది. సొసైటీ వాట్సాప్ గ్రూపులో అందరికీ కనబడేలా, "మన తొట్లలో మట్టి ఎవరిదో మరిచిపోయినవాళ్ళకు మనుషుల మొహాలేం గుర్తుంటాయి" అని రాశాను. రాసింది నిజమే. ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ రాసేటప్పుడు నా వేళ్ళలో కాస్త పొగరు ఉన్నమాటా నిజమే. మర్నాటి నుంచి దీదీ బాల్కనీ తలుపు తీయడం మానేసింది. నేను కూరలు తరుగుతూ అటే చూసేదాన్ని. నాకు అంత బాధగా ఉంటుందని అనుకోలేదు. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. "కొన్నాళ్ళు పోతే అదే సర్దుకుంటుందిలే" అనేవారు మావారు.

జూన్‌లో మా అక్కకి కంటి ఆపరేషన్ అంటే ఇద్దరం మూడు వారాలు విజయవాడ వెళ్ళాల్సి వచ్చింది. తాళం చెవి ఇద్దామని దీదీ గుమ్మం దాకా వెళ్ళి, బెల్లు కొట్టకుండానే వెనక్కి వచ్చాను. అభిమానం అడ్డొచ్చింది. నాకిష్టమైన మల్లె, కరివేపాకు తొట్లు దూరపు మూలకి, నీడలోకి జరిపాను. బరువుగా ఉన్న గోంగూర తొట్లు గ్రిల్లు పక్కనే వదిలేసి, వాటిమీద ఆశ వదులుకున్నాను.

తిరిగొచ్చి బాల్కనీ తలుపు తీస్తే నేల తడిగా ఉంది. గోంగూర నా ఎత్తు పెరిగి నిలబడింది. మూలనున్న మల్లె, కరివేపాకు మాత్రం ఎండిపోయాయి. గ్రిల్లులోంచి ఒక ఆకుపచ్చ పైపు చివర ఇటువైపుకి వేలాడుతోంది. అది చిమ్మినంత మేర పచ్చగా ఉంది, ఆపైన అంతా వడగాలికి మాడిపోయింది. నేను వంగి ఆ పైపు చివర పట్టుకుని చూస్తుండగానే అటువైపు తలుపు తెరుచుకుంది.

"మూలకెందుకు జరిపావు, నీళ్ళు అందలేదు" అని ముందు కసిరింది దీదీ. తర్వాత, "నీ గోంగూర ఒక్క ఆకు ముట్టలేదు, చూసుకో" అంది.

"మనకి మాటల్లేవు కదా, దీదీ" అన్నాను.

"నీతో లేవు. మొక్కలతో ఎప్పుడు మానేశాను?" అంది.

తుంచక వదిలేస్తే గోంగూర ముదిరిపోతుందని ఇన్నేళ్ళైనా ఆవిడకి తెలియదు. ఆ ముదురు ఆకుల్లోంచే ఏరి, ఒళ్ళు దాచుకోకుండా నూరి, గిన్నెడు పచ్చడి గ్రిల్లులోంచి అందించాను. నోటీసు మాట ఆవిడ ఎత్తలేదు, గ్రూపులో రాసినదాని ఊసు నేనూ ఎత్తలేదు. ఆ ఆదివారం మాత్రం, "పద, చాచా గేటు బయట ఉన్నాడు" అని పిలిచింది. అతని ఎరువు బస్తాని చెరోవైపు పట్టుకుని, ఆ నోటీసు కిందుగానే లోపలికి మోసుకొచ్చాం. గేటు దగ్గర నిలబడ్డ సెక్రటరీగారు ఫోనులోకి తల దించుకున్నారు.

నోటీసు ఇంకా అక్కడే ఉంది. చాచా ఇంకా గేటు బయటే ఆగిపోతాడు, మేమే మోసుకొస్తాం. కొన్నాళ్ళు పోతే అదే సర్దుకుంటుందని మావారు ఇప్పటికీ అంటారు. నా బాల్కనీలో చూసినంతవరకు, రోజులు వాటంతటవి గడిస్తే మట్టి ఎండిపోవడమే. ఎవరో ఒకరు, మాటలున్నా లేకపోయినా, రోజూ పైపు పట్టుకోవాలి.