ఆయాసం అడిగి కొండ కోసే మనిషి

మా మీరావలి భాయ్‌కి కాగితం మీద రాసిన ఎత్తు మీద నమ్మకం లేదు. కొండ ఎంత ఎత్తుందో దాన్ని ఎక్కిన మనిషి ఆయాసాన్ని అడిగి తెలుసుకోవాలంటాడు. పటాలు గీసేవాళ్ళు, విమానంలోంచి ఫోటోలు తీసేవాళ్ళు, సర్వే ఆఫీసులవాళ్ళు అందరూ ఆయన దృష్టిలో పుకార్లు పుట్టించేవాళ్ళే. "వాళ్ళు రాస్తారబ్బా. ఎక్కినోడికి కదా తెలిసేది," అనేవాడు.

టీ కొట్టు దగ్గర చేసే వాదమైతే ఎవరికీ నష్టం ఉండేది కాదు. కానీ ఆయన పనే కొండలు చేయడం. అజ్మాన్ సనాయియాలో, అంటే పారిశ్రామికవాడలో, మాది నమూనాలు తయారుచేసే కార్ఖానా. 2005లో దుబాయ్‌లో ఎవరు ఏ టవరు కట్టాలన్నా ముందు దాని బుల్లి రూపాన్ని టేబుల్ మీద పెట్టి చూపించాల్సిందే. బుల్లి టవర్లు చేసేవాళ్ళం పద్దెనిమిది మందిమి ఉండేవాళ్ళం. నేలను చేసేవాడు మీరావలి ఒక్కడే. నెల్లూరు జిల్లా ఉదయగిరి ఆయనది. చదువు ఐదో క్లాసు. రసమట్టం, రంపం, ఉప్పు కాగితం, కుడిచేతి బొటనవేలు, ఇవీ ఆయన పనిముట్లు. తయారైన కొండ మీద కళ్ళు మూసుకుని బొటనవేలు నడిపించి, "ఇక్కడ అర మిల్లీ దిగాల," అనేవాడు. స్కేలు పెట్టి చూస్తే సరిగ్గా అర మిల్లీయే ఎక్కువుండేది.

నేను ప్రొద్దుటూరులో తలుపులు, దర్వాజాలు చేసుకుంటూ వచ్చినవాణ్ణి. మొదటిరోజు ఆయన ముందు నిలబెట్టారు.

"పేరు?"

"రమీజ్, భాయ్. వడ్రంగం పదేండ్లు..."

"ఇంటికాణ్ణించి బడికి ఎక్కుడా, దిగుడా?"

"రెండూ లేవు భాయ్. చదునే."

"ఆయాసం?"

"అయ్యోరు తరుముకుంటే వచ్చేది."

"బల్లపరుపు మనిషివి," అని నిట్టూర్చాడు. ఆ పూట నుంచి కార్ఖానాలో నా పేరు బల్లపరుపు.

ఫుజైరా కొండల నమూనా చేసేటప్పుడు ఒక పఠాన్ టాక్సీ డ్రైవర్ని కార్ఖానాకు పట్టుకొచ్చాడు. ఏ మలుపులో ఇంజను గొణుగుతుంది, ఏ మలుపులో రెండో గేరు వేస్తావు అని అడుగుతూ, అతను చెప్పిన చోటల్లా గుండుసూదులు గుచ్చాడు. చివరికి ఆ పఠాన్ బొమ్మకొండ మీదకి వంగి, నోటితోనే గేరు మార్చే చప్పుడు చేస్తూ ఫుజైరా దాకా వెళ్ళొచ్చాడు. వీసా రెన్యువల్‌కి మెడికల్ చేయించుకోబోతే డాక్టరు, "మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?" అని అడిగాడు. "ఎన్ని మీటర్లకు సార్?" అన్నాడు మీరావలి. సముద్రం పూడ్చి కడుతున్న ఈతచెట్టు ఆకారం ద్వీపం నమూనా వస్తే ముట్టుకోనన్నాడు. "దాని మీద ఇంకా ఎవరూ నడవలేదు. ఎవర్నడగాల? చేపలనా?"

మా ముదీర్, అంటే మేనేజరు, వీరరాఘవరావు గారు కాకినాడ ఇంజనీరు. మీరావలి పిచ్చితో పదకొండేళ్ళు వాదించి ఓడిపోయిన మనిషి. నాతో మాత్రం వాదన పెట్టుకోలేదు. అంతకు ముందు నెల నేను ముప్ఫై ఎనిమిది అంతస్తుల టవరును ముప్ఫై ఆరుతో అతికించి పంపాను. "ఆ రెండు అంతస్తులవాళ్ళూ ఎక్కడ పడుకుంటారయ్యా, నీ రూములోనా?" అని అడిగి, వేలెత్తి చెప్పారు. "ఇంకొక్క తప్పు, రమీజ్. ఒక్కటంటే ఒక్కటి. వీసా ఖలాస్."

సరిగ్గా అప్పుడే శ్రీలంక వచ్చింది.

దుబాయ్‌లో ప్రయాణాల ఎగ్జిబిషన్. ఒక టూరిస్టు కంపెనీ స్టాలు నడిమధ్యలో లంక ద్వీపం మొత్తం పెట్టాలి. పొడవు మూడు మీటర్లకు కాస్త తక్కువ. ఎత్తులకు వేరే కొలత: వంద మీటర్లకు ఐదు మిల్లీల ఫోమ్ షీటు ఒకటి. పటంలో ఒక్కో ఎత్తుకు ఒక్కో గీత ఉంటుంది. ఆ గీత వెంట షీటు కోసి, ఒకదాని మీద ఒకటి అతికించి, మెట్లను లప్పంతో నున్నగా చేస్తే కొండ అవుతుంది. ఉత్తరాన జాఫ్నా వైపు ఒక్క షీటు కూడా లేదు, అంతా నా లాంటి నేల. దక్షిణానికి దిగి మధ్యకు వచ్చేసరికి కొండలు ఒక్కసారిగా లేస్తాయి. అన్నిటికన్నా పెద్ద శిఖరం ఇరవై ఐదు షీట్లు.

మీరావలి అబుదాబిలో ఇంకో నమూనా బిగించడానికి పదిరోజులు వెళ్ళాడు. లంక నా చేతికి వచ్చింది. పటాలు ఆరు ముక్కలు, జిరాక్సులు, అంచులు కత్తిరించినవి. పాతకాలం పటాలు, ఎత్తులు అడుగుల్లో ఉంటాయని చెప్పారు. నేను అన్నిటినీ మూడూ పావు చిల్లరతో భాగించి మీటర్లు చేసుకుని కోశాను. బండారవేల అనే ఊరి దగ్గర మాత్రం ఇరవై షీట్ల కొండ పక్కన నేల గోడలా తెగి, నాలుగు షీట్లకు పడిపోయింది. అనుమానం వచ్చింది. కానీ ఆ ప్రాంతంలో ప్రపంచపు అంచు అని పిలిచే కొండచరియ ఒకటుందని కంపెనీ పుస్తకంలో చదివాను. అంచు అంటే ఇట్లనే ఉంటాదిలే అనుకుని లప్పం పూశాను.

మంగళవారం పొద్దున మీరావలి తిరిగొచ్చాడు. గురువారం నాలుగింటికి ట్రక్కు. చెప్పులు విప్పి, కళ్ళు మూసుకుని, జాఫ్నా దగ్గర బొటనవేలు పెట్టి కిందికి నడిపించాడు. అనురాధపురం దాటింది. కాండీ ఎక్కింది. శిఖరం మీద ఒక్క క్షణం నిలిచి, అటుపక్క దిగబోయి ఆగిపోయింది. కళ్ళు తెరిచాడు.

"బండారవేల ఎవరు కోసినారు?"

"నేనే, భాయ్."

"ఊఁ," అని ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి బయటికొచ్చి వీధి దాటాడు. ఎదురుగా సోఫాలు కుట్టే షెడ్డు ఊడ్చే సోమావతి అనే లంక మనిషిని, చేతిలో చీపురుతో సహా వెంటబెట్టుకొచ్చి, "సార్! బయటికి రండి!" అని కేకేశాడు.

వీరరాఘవరావు గారు వచ్చేసరికే ఆయన ముఖం మాడిపోయి ఉంది. "మళ్ళీ మొదలెట్టావా?"

"ఒక్క నిమిషం సార్. సోమావతీ, నీది బండారవేల కదా?"

"హా, భాయ్."

"బడికి నడిచిపోతే ఆయాసం వచ్చేదా?"

ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. "బహుత్!"

"దావలో రెండుచోట్ల కూలబడేదానివా?"

"బహుత్!"

"గుండె నోట్లోకి వచ్చేదా?"

"బహుత్, బహుత్!" చీపురు కూడా ఊపింది.

"చూసినారా సార్. ఇక్కడ నాలుగు షీట్లే ఉండాయి. నాలుగు షీట్లకు మనిషికి ఇంత ఆయాసం రాదు. పన్నెండు ఉండాల. ఇది ఇట్టా పోనీను."

"మతి ఉందా నీకు? ఎల్లుండి ట్రక్కు! తీసేసి మళ్ళీ కడతావా? అసలు నాలుగు పెట్టమన్నదెవడు?"

నాకు వీసా, టికెట్టు, విమానం అన్నీ ఒకేసారి కనిపించాయి.

"నేనే సార్," అన్నాడు మీరావలి. "అబుదాబికి పోతా పోతా రమీజ్‌కి చెప్పిపోయినా, అక్కడ దించేయమని. ఈమెను అడిగినాక తెలిసింది, నా లెక్క తప్పు."

ఆయన నాకేమీ చెప్పి వెళ్ళలేదు. ఆ మాట అనబోయాను. నా కాలి మీద ఆయన మడమ పడింది.

"ఆ డ్రాయింగ్ ఇలా పట్రా. నేను చూస్తాను," అన్నారు సార్.

జిరాక్సు టేబుల్ మీదే ఉంది. సార్ చెయ్యి చాచారు. అంతలో మీరావలి మోచెయ్యి తగిలి గ్లూ డబ్బా ఒరిగి, కిలో గ్లూ జిరాక్సులోని బండారవేల మీదుగా పారింది. "అరెరే," అన్నాడు తీరిగ్గా. పదకొండేళ్ళలో ఆయన చేతిలోంచి గ్లూ చుక్క కింద పడగా చూసినవాడు లేడు.

సార్ గ్లూ వైపు, చీపురు వైపు, చివరికి పై రేకుల వైపు చూశారు. "నీకు వార్నింగ్ లెటర్ ఇస్తున్నాను. గురువారం నాలుగింటికి ట్రక్కు ఖాళీగా కదిలిందా, దాని వెనకే నువ్వు ఎయిర్‌పోర్టుకి."

మీరావలి తన మొదటి వార్నింగ్ లెటర్ అందుకుని, మడిచి, ఊగుతున్న టేబుల్ కాలు కింద పెట్టి, రసమట్టంతో సరిచూసుకున్నాడు.

లప్పం గీకి, తప్పుగా ఉన్న ముక్కను రంపంతో కోసి తీసేశాం. ద్వీపం మధ్యలో పళ్ళెమంత గొయ్యి. గీకిన లప్పాన్ని కోపంగా చెత్తబుట్టలోకి విసిరాను. ఒక ఊడ్చే మనిషి ఆయాసానికి మా ఇద్దరి ఉద్యోగాలూ పోతున్నాయి.

"ఏ అంకెలు పెట్టి కొయ్యాల, భాయ్?"

గ్లూ అంటిన పటాన్ని తుడిచి నా ముందు పరిచాడు. "ఉన్న అంకెలు ఉన్నట్టే కొయ్యి. దీన్ని భాగించబాక."

బ్లేడు నా చేతిలోనే ఆగిపోయింది. ఐదు పటాలు అడుగుల్లో ఉన్నవి. ఆరోది కొత్తది, మీటర్లలోనే ఉంది. మీటర్లను నేను మళ్ళీ మూడూ పావుతో భాగించాను. ప్రపంచపు అంచూ కాదు, ఏమీ కాదు. నా లెక్కే.

"భాయ్, సార్‌కి పోయి చెప్పేస్తా. తప్పు నాదని."

"చెప్తే కొండ లేస్తాదా?"

"లేదు."

"అయితే బ్లేడు గీత మీద పెట్టు."

గ్లూకి మనిషి తొందర తెలియదు. రెండు షీట్లు అతికించడం, ఇసుక సంచులు పెట్టడం, నాలుగు గంటలు కూర్చోవడం. మే నెల ఎండ, రేకుల షెడ్డు. సార్ గంటకోసారి తలుపు దగ్గరికొచ్చి గడియారం చూసుకుని వెళ్ళేవారు. తిట్టినా బాగుండేది. బుధవారం సాయంత్రానికి పన్నెండు షీట్లూ లేచాయి. గురువారం పొద్దున లప్పం. మూడున్నరకు ఖాదర్ హుస్సేన్ ట్రక్కు వాకిట్లో హారన్ కొట్టేసరికి బండారవేల ఇంకా తెల్లగా, తడిగా ఉంది. రంగు పడలేదు.

"ఖాదర్, ఇక్కణ్ణించి దుబాయ్ దాకా స్పీడ్ బ్రేకర్లెన్ని?" అన్నాడు మీరావలి.

"పద్నాలుగు."

"బండికి ఆయాసం...?"

"ఆయాసం నాకొస్తాంది! యల్లా, ఎక్కు!"

నాలుగింటికి ద్వీపం ట్రక్కు ఎక్కింది. దాంతోపాటు మేమిద్దరం, నాలుగు రంగు డబ్బాలు, రెండు కుంచెలు. షార్జాలో ట్రాఫిక్ జాము. ఊళ్ళోవాళ్ళందరూ శాపనార్థాలు పెట్టే ఆ జాములో గంటన్నర కదలకుండా నిలబడ్డాం. ఆ గంటన్నరలో టీ తోటలన్నీ పచ్చబడ్డాయి. బండి నాలుగడుగులు కదిలితే, "ఖాదరూ, నిదానం! ఏరు కొండెక్కతా ఉంది!" అని మీరావలి లోపలినుంచి అరిచేవాడు. షార్జా జాము ఇంకాసేపు ఉండాలని దువా చేసింది ఆ ఎమిరేట్‌లో మేమిద్దరమే అయ్యుంటాం.

స్టాల్లో దింపేసరికి కంపెనీ తరఫున టై కట్టుకున్న లంక పెద్దాయన ఎదురుచూస్తున్నాడు. సార్ ఆయన పక్కన గోళ్ళు కొరుకుతూ నిలబడ్డారు. పెద్దాయన ద్వీపం చుట్టూ ఒకసారి తిరిగాడు. కొత్త ముక్క దగ్గర ఆగాడు. ఆయన వేలు మెల్లగా వాలు ఎక్కి, బండారవేల పక్కనున్న హపుటలే ఊరి దగ్గర నిలిచింది. ఇంగ్లీషులో సార్‌తో అన్నాడు, "ఇక్కడ రైలు దిగి టీ తాగేవాళ్ళం. చలికి గాజుగ్లాసు వదలబుద్ధయ్యేది కాదు."

సార్ మాకు చెప్పగానే మీరావలి ముందుకు దూకాడు. "అడగండి సార్, ఆయాసం వచ్చేదా?"

సార్ పళ్ళు కొరుక్కుంటూ అడిగారు. పెద్దాయన నవ్వాడు. "నాకు రాలేదు. రైలుకొచ్చేది."

సంతకం పెట్టాడు. సార్ నా వైపు తిరిగి, "చూశావా రమీజ్, వాడి పిచ్చి ఒక్కోసారి పనికొస్తుంది. నువ్వు మాత్రం నేర్చుకోకు," అన్నారు. నా వీసా మాట ఎత్తలేదు. ఎత్తడానికి ఆయనకు కారణం తెలియదు.

శనివారం ఒక మిఠాయి పెట్టె కొని సోఫాల షెడ్డుకు వెళ్ళాను. సోమావతి నా కొండలో తప్పును పట్టించిన మనిషి. నీ ఆయాసం నన్ను బతికించిందమ్మా అని వచ్చీరాని హిందీలో చెప్పాను. ఆవిడ పెట్టె తీసుకుని పడీపడీ నవ్వింది. ఆవిడది బండారవేల కాదట. నెగొంబో, సముద్రపు ఒడ్డు. జన్మలో కొండెక్కలేదట. వాళ్ళ ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తు కొబ్బరిచెట్టు, అది ఎక్కేది వాళ్ళాయన.

"మరి బహుత్ బహుత్ అన్నావే?"

"భాయ్ చెప్పాడు. ఏమడిగినా గుండె మీద చెయ్యేసి బహుత్ అనమన్నాడు."

కార్ఖానాకు వచ్చి ఆఫీసు గదిలో అసలు పటాల చుట్ట విప్పాను. ఆరో పటం కింది అంచున, ఎత్తులు మీటర్లలో అని అచ్చయిన చోట, వడ్రంగి పెన్సిల్‌తో లావుగా సున్నా చుట్టి ఉంది. కాగితాన్ని నమ్మనివాడు మంగళవారం పొద్దున గదిలోకి పోయి కాగితమే చదివాడు. చదివింది సార్‌కి చెబితే నా తప్పు బయటపడుతుంది. తన పిచ్చి అని చెబితే ఎవరూ లెక్క అడగరు.

మీరావలి బల్ల దగ్గర ఉప్పు కాగితంతో ఏదో కొండ రుద్దుతున్నాడు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"భాయ్, సోమావతిది కొండల్లో కాదంట. సముద్రం ఒడ్డంట."

రుద్దుతున్న చెయ్యి ఆపలేదు.

"తెలుసులేరా బల్లపరుపూ. ఏ కొండనైనా కొలిచేది సముద్రం కాణ్ణించే కదా. అందుకే ఆమెను పిలిచినా."