మావయ్య నన్ను గేటు దాటనివ్వలేదు

మా మావయ్య పోయాడన్న కబురు నాకు కాలేజీలో అందింది. అప్పుడు అర్థశాస్త్రం పాఠం నడుస్తోంది. తండ్రి ఉన్న చోటి నుంచి కొడుకు ఎంత దూరం వెళ్ళాడో చూస్తే ఒక పట్నం ఎంత ఎదిగిందో తెలిసిపోతుందని లెక్చరరు గారు చెబుతున్నారు. నేను ఆ మాట శ్రద్ధగా రాసుకుంటూ ఉండగా బంట్రోతు వచ్చి నా పేరు పిలిచాడు. బయట మా వీధి మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మీ మావ పోనాడురా బాబూ. మగ్గం దగ్గరే కూలిపోనాడు" అన్నాడు.

మావయ్య మా అమ్మకు అన్న. విజయనగరం శివార్లలోని జూట్ మిల్లులో మగ్గం నడిపేవాడు. శ్రీకూర్మం దగ్గర మాకున్న మెట్ట చేను మా తిండికే చాలదని, నన్ను చిన్నప్పుడే తన ఇంటికి తెచ్చుకుని బళ్ళో వేశాడు. ఆయనకు ఇద్దరూ ఆడపిల్లలే, ఇంకా చిన్నవాళ్ళు. మావయ్య తండ్రి, అంటే మా తాత, బొబ్బిలి వైపు కౌలు భూమి వదిలేసి ఈ మిల్లులో చేరాడట. మా ఇంట్లో ఎవరైనా ఒక మెట్టు ఎక్కారంటే అదొక్కటే. వయసులో ఉన్నప్పుడు మావయ్యకు విశాఖపట్నం వెళ్ళి ఓడల మరమ్మతు పని నేర్చుకోవాలని ఉండేది. వెళ్ళాడు కూడా. తన చోటు పరాయివాళ్ళకు పోతుందని తాతే వెళ్ళి వెనక్కి తీసుకొచ్చి, తన మగ్గం దగ్గరే నిలబెట్టాడు.

మిల్లులో రాతలో లేని ఒక ఆచారం ఉంది. మనిషి తప్పుకుంటే ఆ చోటు అతని ఇంటి మనిషికే ఇస్తారు. అయితే ఆ ఇంటి మనిషిని మేస్త్రీ ఎరిగి ఉండాలి. ఆ ఎరుక అన్నం క్యారియర్‌తో మొదలవుతుంది. కుర్రాళ్ళు తండ్రికి భోజనం పట్టుకుని లోపలికి వెళతారు. తండ్రి తింటున్నంతసేపు మగ్గం దగ్గర నిలబడతారు. తెగిన నార పోగు ముడివేయడం చూస్తారు, తర్వాత వేస్తారు. మీసాలు వచ్చేసరికి మేస్త్రీకి వాళ్ళ పేరూ చేతివాటమూ తెలిసిపోతాయి.

నన్ను మాత్రం మావయ్య ఒక్కరోజు కూడా గేటు దాటనివ్వలేదు. నేను క్యారియర్ తెస్తే తనే ఎండలో అంత దూరం నడిచి బయటికి వచ్చేవాడు. ప్రహరీ నీడలో గొంతుక్కూర్చుని గబగబా తిని మళ్ళీ పరుగెత్తేవాడు. తోటి పనివాళ్ళు ఊరుకుంటారా?

"ఏటి బావా, మేనల్లుడికి మిల్లు గాలి కూడా సోకనివ్వవేటి? కలట్రుని సేసెస్తావా?"

"కలట్రు అవకపోతే మానె. నా మగ్గం దగ్గిర మాత్రం నిలబడడు."

"మరి మమ్మల్ని అన్నట్టే కదేటి!"

"మిమ్మల్ని కాదురా, నన్నే అనుకుంటన్నాను" అని నవ్వేవాడు.

తింటూ నన్ను ఒకటే అడిగేవాడు. "ఒరే అల్లుడా, ఈయేల కొత్త మాట ఏటి నేర్సుకున్నావు?" నేను ఉత్సాహంగా చెప్పేవాణ్ణి. ఒకరోజు 'పరంపర' అన్నాను. అర్థం అడిగాడు. తాత నుంచి తండ్రికీ, తండ్రి నుంచి కొడుక్కీ వచ్చేది అని చెప్పాను. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, "అయితే దానికి అంత అందమైన పేరెందుకురా?" అన్నాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ మాట పుస్తకంలో కనిపిస్తే పేజీ తిప్పేస్తున్నాను.

పెద్దకర్మ అయ్యాక అత్త నన్ను వెంటబెట్టుకుని మిల్లుకు వెళ్ళింది. ఇంట్లో సంపాదించే చెయ్యి ఇంకొకటి లేదు. మావయ్య వద్దన్న చోటే ఇమ్మని అడగడానికి వెళుతున్నామని ఇద్దరికీ తెలుసు, ఆ మాట మాత్రం ఎవరమూ ఎత్తలేదు. మేస్త్రీ గేటు బయటికే వచ్చాడు. చెడ్డ మనిషేం కాదు.

"మీ ఆయన మంచోడమ్మా. కానీ ఈ బాబెవరు?"

"సొంత మేనల్లుడు బాబూ. మా ఇంట్లోనే పెరిగినాడు."

"నానెప్పుడూ లోపల సూడనేదే!" నా వైపు తిరిగాడు. "పోగు తెగితే ముడెయ్యడం వచ్చేటి?"

రాదన్నాను. పక్క మగ్గం మనిషి తమ్ముడి కొడుకు చిన్నప్పటి నుంచీ కూడు తెస్తున్నాడనీ, చోటు అతనికే ఇచ్చేశామనీ చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. మా వీధిలో షావుకారు కొడుకు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, మేస్త్రీ కొడుకు మేస్త్రీ అవుతాడు, ఆఫీసు గుమస్తా బావమరిది గుమస్తా అవుతాడు. ఎవరి తలుపు వాళ్ళకు తెరిచే ఉంటుంది. మావయ్య మాకున్న ఒక్క తలుపునూ నా కోసం మూసేశాడు. రెండోది ఎక్కడుందో ఆయనకు మాత్రం తెలుసా? లెక్చరరు గారి మాట రాసుకున్న కాగితం చింపేద్దామనిపించింది.

"మావయ్య తప్పు చేశాడత్తా" అన్నాను దారిలో.

"తప్పేటి? మీ మావ అనుకున్నదే అయినాది కదా. ఇప్పుడేడిస్తే ఎలాగ?"

"చదువు మానేసి విశాఖపట్నం పోతాను. రేవులో మూటలు మోస్తాను."

అత్త నడక ఆపింది. ఆమెకు అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "ఎల్లు. ఎల్లి మొయ్యి. నీ కొడుకూ మోస్తాడు, ఆడి కొడుకూ మోస్తాడు. మీ మావ ఎండలో నడిసొచ్చి తిన్నది అందుకే అనుకుంటాను."

ఇల్లు చేరాం. మర్నాడే అత్త మిల్లు నుంచి గోనె సంచులు ఇంటికి తెచ్చుకుని అంచులు కుట్టడం మొదలుపెట్టింది. ఆ పనికి ఎవరి ఎరుకా అక్కర్లేదు. కూలి తక్కువ కనక ఎవరూ పోటీకి రారు. నేను కాలేజీకి వెళుతూనే ఉన్నాను. వెళ్ళిన ప్రతిరోజూ ఆమె చేతుల మీదుగా నడిచి వెళుతున్నట్టే ఉంటోంది.

మావయ్యను తలుచుకుంటే కృతజ్ఞత కలుగుతుంది. దాని వెనకే ఉక్రోషమూ వస్తుంది. రెంటినీ విడదీయడానికి తగిన మాట నాకింకా దొరకలేదు.

సాయంత్రాలు అరుగు మీద అత్త దబ్బనంతో కుడుతూ ఉంటుంది. ఆడపిల్లలిద్దరూ చెరో పక్క సంచి అంచు లాగి పట్టుకుంటారు. "లోపల్లోపల గొణుక్కోకు, గట్టిగా సదువు" అంటుంది అత్త. ఆమెకు నా పాఠాలు అర్థం కావు. అయినా నేను చదువుతూ చదువుతూ ఎక్కడైనా ఆగితే, దబ్బనం సగం గోనెలో దిగి అక్కడే ఆగిపోతుంది. పిల్లలు నా వైపు చూస్తారు. అత్త తల ఎత్తదు. నేను మళ్ళీ మొదలుపెట్టేదాకా ఆ దారం అలా బిగువుగానే ఉంటుంది.