సీరియల్లో గుంట, మా గుంట

మా అమ్మాయికి శక్తులున్నాయని మా వీధికి చెప్పింది ఒక టీవీ సీరియల్. అంతకు ముందు దానికి ఏ శక్తులూ లేవు. చిన్నప్పుడు గాలి సోకిందన్నారు, కొంచెం పెరిగాక పొగరన్నారు, ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆటిజం అంది. ఆ మాటల్లో నాకు నోరు తిరగనిది డాక్టరమ్మదే. అయినా అదే నయమనిపించింది. ఆవిడ వేపమండతో కొట్టమని చెప్పలేదు మరి.

సింహాచలం కూడా తీసుకెళ్ళాం. అక్కడ కప్పస్తంభాన్ని కౌగిలించుకుని మొక్కుకుంటే కోరిక తీరుతుందంటారు కదా, కౌగిలించుకోమన్నాను. కౌగిలించుకుంది, ఇక వదల్లేదు. వెనకాల జనం ఒకటే గోల. "సల్లగుందమ్మా" అంటుంది, చెంప ఆనించుకుని. దాన్ని విడదీసే హడావుడిలో నేను మొక్కుకోవడమే మరిచిపోయాను.

ఇప్పుడు అది పెద్దదైంది. చేపల బజార్లో నా పక్కనే కూర్చుని ఈగలు తోలుతుంది, ధర చెబుతుంది. ఒక్కటే ధర. ఎంతసేపు బేరమాడినా అదే మాట, అదే గొంతు. చివరికి కొనేవాళ్ళే అలిసిపోయి సంచీ తెరుస్తారు. కానీ "నిన్నటి సేపా?" అని అడిగితే "నిన్నటిదే" అంటుంది. అప్పుడు అలిసిపోవడం నా వంతు.

మా బతుకు ఇలా నడుస్తుండగా ఆ సీరియల్ మొదలైంది. అందులో ఒక అమ్మాయి ఉంది. తెల్లగా ఉంటుంది, జడ చెదరదు, ఎవరి కళ్ళలోకీ చూడదు. ఆమెకీ ఆటిజమే. అయితే ఆమెకి అన్నీ తెలుసు. నగలు ఎవరు తీశారో తెలుసు, లిఫ్టు ఎప్పుడు ఆగిపోతుందో తెలుసు, అత్తగారు పాలలో ఏం కలిపిందో తెలుసు. గోడ వైపు చూస్తూ గడగడా చెప్పేస్తుంది. వీధిలో పెద్ద టీవీ మాదే కాబట్టి సాయంత్రమయ్యేసరికి ఆడవాళ్ళంతా మా ఇంట్లోనే. మా అమ్మాయి మాత్రం వంటగది గడప మీద కూర్చుని, రెండు చెవులూ మూసుకుని చూసేది.

వారం తిరక్కుండానే పరీక్షలు మొదలయ్యాయి. ఎదురింటావిడ నెలలు నిండిన కోడల్ని తీసుకొచ్చి నిలబెట్టింది.

"సూడమ్మా, ఆడపిల్లా మగపిల్లాడా?"

"తెల్దు" అంది మా అమ్మాయి.

"తెలుసు దానికి. దాసుకుంతంది" అంది ఎదురింటావిడ నాతో. "సీరియల్లో గుంట కూడా మొదట్లో ఇలాగే సెప్పలేదు."

"మా గుంటకి కథ రాసినోడు ఎవడూ లేడు వొదినా, ఎలా సెప్తాది?" అన్నాను.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వు ఆగిపోయింది మా మరిది వచ్చినప్పుడు.

సముద్రంలో చేపల వేటకి ఏటా పెట్టే నిషేధం అయిపోవస్తున్న రోజులు. మా మరిది బోటుకి కొత్త రంగు వేయించాడు, వలలు బాగు చేయించాడు. ఆ బోటు తెచ్చే చేపలే నేను బజార్లో అమ్ముకునేది. వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"వొదినా, బోటు నీట్లోకి దిగే రోజు అమ్మిని తీరానికి తీసుకురావాల. ఏ వేపు పోతే సేప పడతాదో అది సెప్తాది, నాను అటే పోతాను."

"నీకు మతి పోయిందేటి?"

"సీరియల్లో..."

"సీరియల్లో గుంట సముద్రం సూసిందా ఎప్పుడైనా?"

"ఒక్క మాట సెప్తే దాని సొమ్మేటి పోద్ది?"

ఏం పోతుందో వాడికి తెలియదు, నాకు తెలుసు. మా ఆయన జబ్బు చేసి పోయినప్పుడు నా కాలు మంచిది కాదన్నారు. ఆ మాట ఈ రోజుకీ నన్ను వదల్లేదు. భర్త పోయినది బోటు దిగేవేళ ఎదురు రాకూడదని మా వాళ్ళ ఆచారం. అందుకని ఏటా ఆ పొద్దున నేను తలుపేసుకుని లోపల కూర్చుంటాను, డప్పులు వింటూ. రేపు నా కూతురు చూపించిన దిక్కుకి వెళ్ళి బోటు ఖాళీగా వస్తే ఆ మాట దానికి కూడా అంటుకుంటుంది. నిండుగా వస్తే మరీ ప్రమాదం. ప్రతి బోటువాడూ మా గుమ్మంలోనే కూర్చుంటాడు, ఏదో ఒకనాడు ఎవడిదో ఒకడిది ఖాళీగా రాకపోదు.

ఎంత చెప్పినా మా మరిది వినలేదు. సరే, దాన్నే అడగమన్నాను.

"వత్తావా అమ్మీ?"

"అమ్మ వత్తే వత్తాను సిన్నాన్నా."

వాడు నా వంక చూశాడు, నేల వంక చూశాడు. పాపం, వాడికి శక్తి కావాలి, అపశకునం వద్దు. రెండూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకునే నడుస్తాయి. "ఎనకాల నిలబడు వొదినా" అన్నాడు చివరికి.

ఆ పొద్దున తీరమంతా జనం. బోటు ముక్కుకి పసుపు పూసి, పూలదండ కట్టారు. గంగమ్మకి కొబ్బరికాయలు కొట్టారు. డప్పులు మోగుతున్నాయి. మా అమ్మాయి ఒక చెవి అరచేత్తో మూసుకుంది, రెండో చెవి నా భుజానికి ఆనించింది, ఉన్న ఇంకో చెయ్యి నా చేతిని పట్టుకుంది. వెనకాల నిలబడమన్న నేను అందరికన్నా ముందు, బోటుకి ఎదురుగా తేలాను.

"సెప్పమ్మా" అన్నాడు మా మరిది. "ఏ వేపు?"

అది సముద్రం వంక చూసింది. ఆ నిమిషంలో సీరియల్లో అయితే ఏమయ్యేదో అక్కడున్న అందరికీ తెలుసు. ఎటో ఒకవైపు వేలు ఎత్తేస్తుందేమోనని దాని చేతిని గట్టిగా పట్టుకున్నాను.

"తెల్దు సిన్నాన్నా" అంది. చెవి ఇంకా గట్టిగా మూసుకుని, "డప్పు ఆపమను" అంది.

ఎవరో ఇకిలించారు. మా మరిది మొహం వాడిపోయింది. అప్పుడు ఇసకలో కూర్చున్న మా మావగారు, చూపు తగ్గి వేట మానేసిన మనిషి, కర్ర ఊతతో లేచారు.

"నిజమే సెప్పింది కదరా. నాకు తెలుసా? మా అయ్యకి తెలుసా? తెలుసని సెప్పినోడి బోటు ఎక్కితే బయపడాల. తెల్దన్న దాన్ని పట్టుకుని ఏడుత్తావేటి? డప్పు ఆపరా."

డప్పు ఆపారు. మా తీరంలో చప్పుడు లేకుండా బోటు దిగడం నేను ఎన్నడూ వినలేదు. అసలు దిగడం చూసే ఎన్నేళ్ళో అయింది. మా అమ్మాయి చెవి మీది చెయ్యి తీసి ఊపింది.

బోటు తిరిగొచ్చింది. కానాగంత చేపలు ఓ మాదిరిగా పడ్డాయి. నిండా కాదు, ఖాళీ కాదు. గంగమ్మకి ఎంత రుణపడ్డానో చెప్పలేను. ఓ మాదిరి చేపలకి ఎవరినీ తిట్టరు, ఎవరికీ మొక్కరు. మర్నాడు మా అమ్మాయి ఎప్పటిలాగే నా పక్కన కూర్చుని ఈగలు తోలింది.

సీరియల్ ఆఖరి రోజున మా మరిది కూడా వచ్చాడు. టీవీలో హీరో పరుగెత్తుకొస్తున్నాడు. అతను కౌగిలించుకోగానే ఆ అమ్మాయికి ఆటిజం పోతుందని ముందే అందరికీ అర్థమైపోయింది.

"కౌగిలింతలు మాకు సింహాచలంలోనే అయిపోయాయి" అన్నాను. ఎదురింటావిడ మనవణ్ణి ఒళ్ళో ఊపుతూ ఉష్ అంది.

సంగీతం ఢాం ఢాం అని మోగింది. హీరో మొహం మూడుసార్లు చూపించారు, మూడుసార్లూ ఢాం. గడప మీద నుంచి మా అమ్మాయి అడిగింది:

"అమ్మా, అంత సౌండుకి ఆ గుంట సెవులు మూసుకోదేటి?"

మా మరిది రిమోట్ అందుకుని సౌండు మొత్తం తీసేశాడు. "ఓలమ్మా, ఇన్నాళ్ళు సూసింది దీనికేనా?" అని ఎదురింటావిడ గొణిగింది గానీ, లేవలేదు. మా అమ్మాయి చెవుల మీది చేతులు తీసి, లేచి వచ్చి అందరి మధ్యా చాప మీద కూర్చుంది.

రోగం నయమైన ఆ అమ్మాయి హీరో కళ్ళలోకి చూస్తూ చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో మాకెవరికీ తెలియదు.