కుడిచేతి చొక్కాలు

టైలరమ్మ కత్తెర ఎంత పదునో నోరూ అంతే పదును. అలాంటి మనిషి, తండ్రి పోయినప్పటి నుంచి మిషన్ ముందు ఒంటరిగా కూర్చుంటే చాలు, ముక్కు చీదుకునేది. అడిగినవాళ్లకు మాత్రం "జలుబు" అని చెప్పేది.

తండ్రి దుకాణాల బోర్డులు రాసే పెయింటరు. కిడ్నీలు చెడిపోయాక డయాలసిస్‌కు వెళ్లేవాడు. ఆ ఏసీ గదిలో మంచానికి కట్టేసినట్టు గంటలకొద్దీ పడుకోవాలి. చేతికి సూదులు గుచ్చాలి కనుక చొక్కా ఒక చెయ్యి విప్పేసి వణుకుతూ ఉండేవాడు. "చూడవే, టైలరుకు తండ్రినై ఉండి నాకు సగం చొక్కానే గతి!" అని నవ్వేవాడు. ఆ నవ్వు తలచుకుంటేనే ఆమెకు జలుబు చేసేది.

ఆయన పోయి సంవత్సరం కావస్తుండగా తమ్ముడు అన్నాడు: "ఆసుపత్రిలో నాన్న పేరుతో బెంచీ వేయిద్దామక్కా."

"ఊరందరి పేర్లూ రాసి తన పేరు ఎక్కడా రాసుకోని మనిషిరా! ఇప్పుడు ఆయన పేరు మీద జనాన్ని కూర్చోబెడతావా? అక్కడి చలికి ఏదైనా చేద్దాం."

మెత్తని మందపాటి గుడ్డ తెచ్చి, గిరాకీలను రేపు మాపు అని తిప్పుతూ, చొక్కాలు కుట్టింది. ఒక చెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా టిచ్ బటన్లతో తెరుచుకుంటుంది. సూదులున్న చోట తెరిస్తే చాలు, మిగతా ఒళ్లంతా వెచ్చగా ఉంటుంది. నాన్న సంవత్సరీకం రోజుకల్లా అవి రోగుల ఒంటి మీద ఉండాలని ఆమె పంతం.

ఆ రోజు తమ్ముడు ఆసుపత్రికి మోసుకొచ్చిన మూట విప్పి చూసిన నర్సు మొహం మొదట వెలిగింది, తర్వాత ఆమె నసిగింది.

"బంగారంలా ఉన్నాయక్కా. కానీ అన్నీ కుడిచేతికే తెరిచావేంటి?"

"సూదులు గుచ్చేది కుడిచేతికే కదా?"

"వాడకం తక్కువున్న చేతికక్కా. ఎక్కువమందికి ఎడమే. మీ నాన్నగారిది ఎడమచేతి వాటం కదా, అందుకే ఆయనకు కుడి."

టైలరమ్మ నీరుగారిపోయింది. అర అంగుళం తేడా వస్తే ఊరుకోని మనిషి, లోకంలోని రోగులందరినీ నాన్నే అనుకుని కుట్టేసింది.

"బెంచీకైతే కుడీ ఎడమా ఉండవు. చెప్తే విన్నావా?" అన్నాడు తమ్ముడు.

"నోర్మూసుకుని ఆ సంచిలోంచి కత్తెర తియ్యరా."

వరండాలోనే చతికిలబడి చొక్కాల ఎడమ చేతులు కూడా చీల్చి బటన్లు కుట్టడం మొదలుపెట్టింది. లోపల భార్యను పడుకోబెట్టి బయట కూర్చున్న ఆటో డ్రైవరు చూసి చూసి దగ్గరికొచ్చాడు. "ఇటివ్వమ్మా, ఎలాగూ గోళ్లు కొరుక్కుంటున్నా." అతను కుట్టిన బటన్ ఎదుటిదానికి జానెడు దూరంలో తేలింది.

"అన్నా, ఇది కూడా ఆటోలాగే నడిపావే! మెయిన్ రోడ్డు వదిలి సందులో దూరింది."

వరండా అంతా నవ్వింది. ఒక ముసలమ్మ కళ్లద్దాలు సర్దుకుని ఆ బటన్ ఊడదీసింది. మరో ఇద్దరు అంచులు మడిచి కుట్టడానికి సూదులు అడిగారు.

మొదట తయారైన చొక్కాను డయాలసిస్ గదిలో సణుగుతున్న రిటైర్డ్ పోస్టుమాన్‌కు తొడిగారు. నర్సు ఎడమచెయ్యి వైపు తెరిచి తన పని కానిచ్చింది. పెద్దాయన కాలర్ మెడ దాకా లాక్కుని, కాసేపు కళ్లు మూసుకుని, ఉన్నట్టుండి తెరిచాడు.

"వెచ్చగానే ఉంది గానీ, జేబేదమ్మా? కళ్లజోడు ఎక్కడ పెట్టుకోను?"

టైలరమ్మ మెడలోని టేపు తీసి ఆయన పక్కన వంగింది.

"పెడతాను బాబాయ్. ముందు చెప్పండి, మీకు ఎటువైపు కావాలి?"