పాలిచ్చిన అవ్వ

సిద్దిపేటలో ఆటో నడిపే అమీనుద్దీన్‌ను కన్న తల్లి బాలింతగా ఉన్నప్పుడే మంచం పట్టింది. అప్పుడు పక్కింటి సాయవ్వ తన బిడ్డతోపాటు అతనికీ చనుబాలిచ్చింది. ఇప్పుడామెకు మోకాళ్లు పనిచేయవు. దవాఖానకు పోవాలంటే అతనే ఎత్తుకుని ఆటోలో కూర్చోబెడతాడు.

అది చూసి మసీదు దోస్తు ఇజాజ్ అన్నాడు: "పరాయి ఆడామె, మతం గూడ వేరే. ముట్టుకోవద్దు భాయ్."

అమీనుద్దీన్ వాడి మీద విరుచుకుపడ్డాడు గానీ, లోపల భయం పట్టుకుంది. తెల్లారి నమాజు కాగానే, అవ్వను ఎత్తుకోవడం తప్పా అని మతధర్మం చెప్పే ముఫ్తీసాబ్‌ను అడిగాడు.

"పసిపిల్లగానివి ఉన్నప్పుడు ఆమె పాలు తాగినవా?"

"తాగిన సాబ్."

"అయితే షరియత్ లెక్కల ఆమె నీకు అమ్మే. మతం వేరైనా గా రిష్తా పోదు. మంచిగ చూస్కో."

గుండెల మీంచి బండ దించినట్లయింది. నేరుగా సాయవ్వ ఇంటికి పోయి, ఆమెను ఎత్తుకుంటూ సంగతంతా చెప్పాడు.

సాయవ్వ అతని నెత్తిన ఒక్కటి మొట్టింది.

"నా రొమ్ము కొరికినోనివి, నేను నీకు అవ్వనా కాదా అని ఊరోళ్లను అడగవోయినవా? నడువు ఇగ, డాక్టరు పోతడు."