మంత్రిగారి బోర్డుకి వార్నిష్

సచివాలయంలో పెయింటరు మంచివాడే గానీ, ప్రభుత్వాల మీద అతనికి నమ్మకం ఎప్పుడో పోయింది. మంత్రుల గదుల బయట చెక్క బోర్డుల మీద పేర్లు రాయడం అతని పని. మొదట్లో ప్రతి పేరు మీదా వార్నిష్ పూసేవాడు. వార్నిష్ పడ్డ పేరు చెరపాలంటే చెక్కను పట్టుకుని గీకాలి. అది లేకపోతే తడిగుడ్డకే వచ్చేస్తుంది. ఎక్కిన ప్రభుత్వం ఎక్కినట్టే కూలిపోతుంటే, గీకి గీకి రెక్కలు పడిపోయి, వార్నిష్ మానేశాడు. ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు.

ఈసారి ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు. పెద్ద పార్టీ కొన్ని చిన్న పార్టీలను కలుపుకుంది. అయినా లెక్క చాలలేదు. ఇంకో పార్టీ బయటి నుంచి మద్దతిస్తానంటే, దాన్ని నమ్ముకుని గద్దెనెక్కింది. కప్పల తక్కెడ వ్యవహారం! పొద్దున ఒక శాఖ ఇచ్చినాయనకి మధ్యాహ్నానికి ఇంకోటి. ప్రతిసారీ బోర్డు చెరపడం, మళ్లీ రాయడం. పీత కష్టాలు పీతవి, పెయింటరు గోడు ఎవరికి పట్టింది?

అసలు అతని మనసు అక్కడ లేదు. పక్క ఊళ్లో అక్క మంచం పట్టింది. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది ఆవిడే. రోజూ ఫోన్ చేసి ఎప్పుడొస్తావురా అనేది. బోర్డులు అయిపోగానే వస్తానక్కా అనేవాడు. సెలవడిగితే సూపరింటెండెంటు కూడా అదే అన్నాడు, బోర్డులు ముగించి వెళ్లమని.

చివరిదీ ముగించి సంచీ సర్దుకుంటుండగా గొడవ మొదలైంది. చిన్న పార్టీ మంత్రిగారు తన పేరు మీద దుమ్ము పడిందని తడి రుమాలుతో మురిపెంగా తుడుచుకున్నారు. సగం పేరు రుమాలుకి అంటుకొచ్చింది. పక్క గది పెద్ద పార్టీ మంత్రిది. ఏ ప్రభుత్వమొచ్చినా ఆ గదిలో ఆయనే గనక బోర్డు కూడా పాతదే, వార్నిష్ వేసినదే. దాన్నీ తుడిచి చూశారు. చెక్కుచెదరలేదు. అంతే, మమ్మల్ని నాలుగు రోజుల్లో సాగనంపాలని ముందే అనుకున్నారా, ఈ పొత్తు మాకొద్దు అని చిన్న పార్టీ లేచింది. పెద్ద పార్టీలో ఈ కుట్ర ఎవరిదని వాళ్లలో వాళ్లు తన్నుకున్నారు. ఒక మనిషి రెక్కల నొప్పి అని ఒక్కరికీ తట్టలేదు.

చివరికి చిన్న పార్టీని బుజ్జగించడానికి, ఆ పేరు మళ్లీ రాసి, మంత్రిగారి కళ్లెదుటే రెండు పూతలు వార్నిష్ వేయాలని పెయింటరుకి పురమాయించారు. మొదటి పూత ఆరితే గానీ రెండోది వేయకూడదు. పాపం, ఎదురుచెప్పడం అతనికి రాదు. ఆ రోజంతా బోర్డు ముందే గడిచిపోయింది. మధ్యలో అక్క ఫోన్ చేసింది.

"చేతులకి వార్నిష్ ఉందక్కా. రేప్పొద్దున్నే నీ దగ్గరుంటా."

"సరేలేరా. నీకొక మాట చెప్పాలి. ఫోన్లో చెప్పేది కాదు, రా."

మర్నాడు వెళ్లేసరికి బావ గుమ్మంలోనే ఎదురయ్యాడు. "రాత్రి మాట పడిపోయిందయ్యా. అంతకుముందు ఆ మాటేంటో చెప్పమంటే నీకే చెప్తానంది, మాకు చెప్పలేదు."

అక్క అతన్ని గుర్తుపట్టింది. పెదాలు కదిపింది. అతను చెవి ఆనించి ఎంతసేపు విన్నా ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ చేత్తో అతని జుట్టు సవరించి, మళ్లీ చెప్పబోయి, అలిసిపోయి కళ్లు మూసుకుంది.

మధ్యాహ్నం సూపరింటెండెంటు ఫోన్ చేశాడు. బయటి నుంచి మద్దతిచ్చిన పార్టీ తప్పుకుందట, ప్రభుత్వం పడిపోయిందట. వెంటనే రావాలి, అన్ని బోర్డులూ చెరపాలి, నిన్న వార్నిష్ వేసిందాన్ని ముందు గీకాలి.



"మా అక్క మాట్లాడగలిగిన ఆఖరి రోజు ఆ బోర్డుకే పెట్టాను సార్. గీకడానికి ఇంకెవర్నైనా చూసుకోండి."